వంశవృక్షం ఫైలు ఇచ్చేముందు, కలిపేముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

పన్నెండేళ్లుగా మా నాన్నగారి వైపు, అమ్మ వైపు మనుషుల వివరాలు పోగుచేసి కంప్యూటర్లో వంశవృక్షం కడుతున్నాను. ఉండేది విజయనగరం, సొంతూరు నాగావళి ఒడ్డున. మా వాళ్లు ఖరగ్‌పూర్‌లో, జంషెడ్‌పూర్‌లో, భిలాయ్‌లో, అమెరికాలో ఉన్నారు. వాళ్లలో కొందరు కూడా ఇదే పని చేస్తున్నారు. అందుకని ఫైళ్లు అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఆ తిరుగుళ్లలో నేను చేసిన తప్పులు, నేర్చుకున్నవి, నన్ను జనం మళ్లీ మళ్లీ అడిగేవి ఇక్కడ రాస్తున్నాను.

జెడ్‌కామ్ ఫైలు అంటే ఏమిటి? అందరూ అదే ఎందుకు అడుగుతారు?

వంశవృక్షం ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. ఒక దానిలో కట్టిన చెట్టు ఇంకో దానిలో నేరుగా తెరుచుకోదు. ఆ ఇబ్బంది తీర్చడానికి అమెరికాకు చెందిన లేటర్ డే సెయింట్స్ (మోర్మన్) చర్చి వంశావళి విభాగం 1984లో జెడ్‌కామ్ అనే ఉమ్మడి పద్ధతి తెచ్చింది. ఇది మామూలు అక్షరాల ఫైలు, నోట్‌ప్యాడ్‌లో కూడా తెరవొచ్చు. ప్రతి మనిషికీ ఒక నంబరు, ప్రతి కుటుంబానికీ ఒక నంబరు, వాటి కింద పేరు, పుట్టిన తేదీ, ఊరు, నోట్సు వరుసగా ఉంటాయి.

ఎక్కువమంది వాడేది ఇప్పటికీ 5.5.1 రకమే. 2021లో 7.0 వచ్చింది కానీ అన్ని ప్రోగ్రాములూ దాన్ని చదవవు. పంపేముందు ఎదుటివాళ్లు ఏది వాడుతున్నారో అడగండి. ఇంకో సంగతి, 5.5.1 ఫైలుతో ఫొటోలు వెళ్లవు. ఫొటో మీ కంప్యూటర్లో ఎక్కడుందో ఆ దారి మాత్రమే వెళుతుంది. "తాతగారి ఫొటో రాలేదేం" అని ఫోన్లు వచ్చేది అందుకే.

దూరపు చుట్టం ఒకాయన ఫైలు మొత్తం పంపమన్నారు. పంపేయనా?

మొత్తం పంపకండి. ఆయన మీద అనుమానంతో చెప్పడం లేదు. ఆయన మంచివారే కావచ్చు. కానీ ఫైలు ఒకసారి మీ చేయి దాటాక అది ఎవరి దగ్గర ఆగుతుందో ఆయన కూడా చెప్పలేరు.

నేను మొదట్లో రెండు వేలకు పైగా మనుషులున్న ఫైలు ఉన్నదున్నట్టు ఒకరికి ఇచ్చాను. ఆయన దాన్ని ఒక ఆన్‌లైన్ సైట్‌లో పెట్టారు, అక్కడి నుంచి ఇంకెవరో తీసుకున్నారు. మా దగ్గరి చుట్టాల్లో ఒకమ్మాయికి మొదటి పెళ్లి చెదిరిపోయి రెండో పెళ్లి జరిగింది. ఆ రెండు పెళ్లిళ్ల తేదీలూ, వాటి పక్కన నేను రాసుకున్న నోట్సూ అన్నీ బయటికొచ్చాయి. ఆ అమ్మాయి అత్తవారి వైపు వాళ్లే వెతుకుతూ చూశారు. నాకు ఫోన్ చేసి ఆ అమ్మాయి అరవలేదు, ఏడ్చింది. ఆ సైట్ నుంచి తీయించడానికి నెలలు పట్టింది. మిగతాచోట్ల ఎన్ని కాపీలు మిగిలాయో తెలుసుకునే దారి లేదు.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. అడిగినవాళ్లకూ నాకూ ఉమ్మడి పెద్ద ఎవరో ముందు కనుక్కుంటాను. ఆ పెద్ద నుంచి వాళ్ల వైపు దిగే కొమ్మ, దాన్ని నాకు కలిపే కొమ్మ, ఈ రెండే విడదీసి ఇస్తాను. అందులోనూ చనిపోయినవాళ్లనే. మా అమ్మ వైపు వాళ్లతో ఆయనకు ఏ పనీ ఉండదు కదా.

బతికున్నవాళ్లను ఫైలులోంచి తీసేయడం ఎలా?

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు, అంటే చెట్టును ఫైలుగా బయటికి తీసేటప్పుడు, చాలా ప్రోగ్రాములు ఈ ప్రశ్న అడుగుతాయి. నేను వాడేది గ్రాంప్స్. ఉచితం, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుంది. అందులో బతికున్నవాళ్లను పూర్తిగా వదిలేయమనవచ్చు, లేదా వాళ్ల స్థానం ఉంచి పేరు దాచమనవచ్చు. ప్రైవేటు అని గుర్తుపెట్టిన నోట్సును కూడా వదిలేయమనవచ్చు.

అయితే బతికున్నారో లేదో ప్రోగ్రాముకు ఎలా తెలుస్తుంది? చనిపోయిన తేదీ లేకపోతే వయసు లెక్కవేస్తుంది. గ్రాంప్స్ మామూలుగా 110 ఏళ్లు దాటితే పోయినట్టు అనుకుంటుంది. అసలు తేదీలే లేనివాళ్ల దగ్గరే చిక్కు. మన చెట్లలో ఆడవాళ్లలో సగం మందికి ఏ తేదీ ఉండదు. "పార్వతమ్మ, కన్నవారు బొబ్బిలి దగ్గర" అని మాత్రమే ఉంటుంది. కొన్ని ప్రోగ్రాములు అలాంటివాళ్లను పోయినవాళ్లుగా లెక్కేసి బయటికి పంపేస్తాయి, ఆమె ఇంట్లో కూర్చుని టీవీ చూస్తున్నా సరే.

కాబట్టి ఎక్స్‌పోర్ట్ అయ్యాక ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి మీ పేరు వెతకండి. మీ పిల్లల పేర్లు, మీ అన్నదమ్ముల పేర్లు వెతకండి. తరవాత "ఆధార్", "ఫోన్", "ఖాతా" అని వెతకండి. నోట్సులో ఎప్పుడో రాసుకుని మరిచిపోయినవి బయటపడతాయి. నా ఫైలులో ఒక మామయ్యగారి పాస్‌బుక్ నంబరు దొరికింది.

పేరు, పుట్టిన తేదీయే కదా, వాటితో ఎవరేం చేస్తారు?

పుట్టిన తేదీ, అమ్మ పుట్టింటి ఇంటిపేరు, మొదట చదివిన బడి, సొంతూరు. బ్యాంకులు, ఈమెయిళ్లు మనల్ని గుర్తుపట్టడానికి అడిగే ప్రశ్నలు ఇవే. వంశవృక్షంలో ఇవన్నీ ఒకేచోట ఉంటాయి. పైగా ఎవరు ఎవరికి ఏమవుతారో కూడా ఉంటుంది. "అత్తా, నేను ఖరగ్‌పూర్ నుంచి ఫలానా వాళ్ల అబ్బాయిని" అని పేర్లన్నీ సరిగ్గా చెబుతూ ఒక ఫోన్ వస్తే పల్లెలో ఉన్న పెద్దావిడ నమ్మకుండా ఎలా ఉంటుంది?

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఒక మనిషి తన సొంత అవసరానికో ఇంటి అవసరానికో వివరాలు వాడుకుంటే వర్తించదు. దాన్ని చూపించి "నాకు చట్టం అడ్డు లేదు" అన్నవాళ్లు నాకు తెలుసు. చట్టం అడ్డు లేకపోయినా ఆ మనిషిని ఒక మాట అడగాలి.

పోయినవాళ్ల విషయంలో దాచాల్సింది ఏమీ ఉండదు కదా?

ఉంటుంది. దత్తత, ఇల్లరికం, ఇంట్లోంచి వెళ్లిపోయినవాళ్లు, ఉరి పోసుకున్నవాళ్లు, కులం దాటి చేసుకున్నవాళ్లు. మనిషి పోయినా ఆ కొడుకులు, కూతుళ్లు ఉన్నారు. వాళ్లకే తెలియని సంగతి మన ఫైలులో ఉండొచ్చు. నేను ఇలాంటివి చెరపను, ఎందుకంటే నిజం చెరిపితే చెట్టే తప్పుతుంది. ప్రైవేటు అని గుర్తుపెట్టి నా దగ్గరే ఉంచుతాను.

ఫైలు వాట్సాప్‌లో పంపవచ్చా?

ఒక్కరికి విడిగా అయితే సరే. పెళ్లిళ్ల గ్రూపులో, ఇంటిపేరు గ్రూపులో మాత్రం వద్దు. రెండు వందల మంది ఫోన్లలోకి ఒకేసారి దిగిపోతుంది. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ చేసి ఈమెయిల్‌లో పంపి, పాస్‌వర్డ్ ఫోన్‌లో నోటితో చెప్పడం మంచిది. గూగుల్ డ్రైవ్‌లో పెడితే "లింకు ఉన్న ఎవరైనా" అని కాకుండా ఆ ఒక్కరి ఈమెయిల్‌కే అనుమతి ఇవ్వండి, వాళ్లు దించుకున్నాక తీసేయండి. ఫైలు పేరులోనే తేదీ, ఎవరి కోసమో రాయండి. రెండేళ్ల తరవాత అదే ఫైలు ఇంకెక్కడో కనిపిస్తే ఏ దారిన వెళ్లిందో మీకు తెలుస్తుంది.

భూమి తగాదా ఉన్న కుటుంబంవాళ్లు చెట్టు అడిగితే?

ఇది మన జిల్లాల్లో తరచూ వచ్చేదే. వాటాల కేసులో ఎవరు ఎవరి కొడుకో తేల్చడానికి వంశవృక్షం కావాలి. మీరు సరదాగా కట్టిన చెట్టును కాగితం మీద ముద్రించి వకీలుకు ఇస్తే, అందులో మీరు ఊహించి పెట్టిన గీత కూడా సాక్ష్యంలా కనిపిస్తుంది. అలాంటప్పుడు నేను ఫైలు ఇవ్వను. రికార్డు ఎక్కడ దొరుకుతుందో మాత్రం చెబుతాను, అడంగల్, 1బి లాంటి భూమి రికార్డులు, రిజిస్ట్రేషన్ దస్తావేజులు వాళ్లే తీసుకోవచ్చు.

ఇదే సందర్భంలో ఒక మాట. మన పాత చేతిరాత వంశవృక్షాల్లో కూతుళ్లు ఉండరు, కొడుకులే ఉంటారు. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణతో, దేశమంతా 2005 సవరణతో కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు వచ్చింది. ఆస్తి సంగతి పక్కన పెట్టినా, కూతుళ్లు లేని చెట్టు సగం చెట్టే. అలాంటి ఫైలు మీ దాంట్లో కలిపితే, మీరు కష్టపడి పట్టుకున్న ఆడపిల్లల పేర్లు చెరిగిపోకుండా చూసుకోండి.

ఎదుటివాళ్ల ఫైలు వచ్చింది. నా చెట్టులోకి ఇంపోర్ట్ చేసేయనా?

ఆగండి. ముందు కొత్త ఖాళీ చెట్టు తెరిచి అందులోకి ఇంపోర్ట్ చేయండి. ఒక వారం దాన్ని చదవండి. ఎన్ని పేర్లకు ఆధారం రాసి ఉంది? తండ్రి కంటే ముందు పుట్టిన కొడుకులు ఉన్నారా? నూట ముప్పై ఏళ్లు బతికినవాళ్లు ఉన్నారా? ఒకే మనిషి రెండుసార్లు ఉన్నాడా? ఇవి ఎక్కువగా కనిపిస్తే ఆ ఫైలును కలపనే కలపకండి. పక్కన తెరిచి పెట్టుకుని, మీకు కావలసిన పదిమందిని మీ చేత్తో ఎక్కించుకోండి. నిజం చెప్పాలంటే నేను ఇప్పుడు వంద మంది లోపు ఉన్న ఫైలును ఎప్పుడూ చేత్తోనే ఎక్కిస్తాను. ఎక్కిస్తున్నప్పుడు ఒక్కొక్క మనిషి దగ్గర ఆగుతాం. ఆ ఆగడంలోనే తప్పులు దొరుకుతాయి.

కలపాలనే నిర్ణయించుకుంటే ముందు మీ చెట్టు బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. గ్రాంప్స్‌లో ఇంపోర్ట్ చేసినదాన్ని వెనక్కి తీయలేం. బ్యాకప్ ఒక్కటే దారి. ఇంపోర్ట్ అయ్యే ప్రతి మనిషికీ ఒక ట్యాగు, "ఫలానా వారి ఫైలు, ఫలానా తేదీ" అనే ఆధారం తగిలించే సదుపాయం సెట్టింగుల్లో ఉంది. దాన్ని తప్పకుండా వాడండి. ఆరు నెలల తరవాత ఈ పేరు ఎక్కడి నుంచి వచ్చిందని తల పట్టుకోకుండా ఉంటారు.

రెండు ఫైళ్లలోనూ ఒకే నంబరు కనిపిస్తే కంగారు పడకండి. ప్రతి ఫైలూ తన లెక్క తాను మొదలుపెడుతుంది. నంబరు కలిసినంత మాత్రాన మనిషి ఒకడు కాదు.

ప్రోగ్రాము "వీళ్లిద్దరూ ఒకరే కావచ్చు" అని చూపిస్తోంది. ఒప్పుకోనా?

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడ. ప్రోగ్రాము చూసేది పేరు, దగ్గర దగ్గర వయసు, ఊరు. మన దగ్గర ఈ మూడూ కలిసిపోతాయి. అరసవల్లి దేవుడి పేరున ఇంటికొక సూర్యనారాయణ, ఆదినారాయణ. శ్రీకూర్మం పేరున కూర్మారావు, కూర్మయ్య. సింహాచలం అప్పన్న పేరున అప్పన్న, అప్పలస్వామి, అప్పలనర్సమ్మ. విజయనగరం పైడితల్లి అమ్మవారి పేరున పైడిరాజు, పైడమ్మ. "సింహాచలం" అనే పేరు మగవాళ్లకూ ఉంది, ఆడవాళ్లకూ ఉంది. బయటి ప్రాంతం వాళ్లు కట్టిన ఫైలులో సింహాచలమ్మగారు మగవాడిగా మారిపోవడం నేను చూశాను.

దానికి తోడు తాత పేరు మనవడికి పెడతాం. నలుగురు కొడుకులూ పెద్దవాడికి తండ్రి పేరే పెడితే, ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో, ఐదారేళ్ల తేడాలో నలుగురు సూర్యనారాయణలు తయారవుతారు. బిడ్డ పోతే ఆ పేరే తరవాతి బిడ్డకు పెట్టిన ఇళ్లు కూడా ఉన్నాయి. అప్పుడు ఒకే తల్లిదండ్రులకు ఒకే పేరుతో ఇద్దరు. వాళ్లను కలిపేస్తే పోయిన ఆ పసిబిడ్డ గుర్తు చెట్టులో కూడా మిగలదు.

మా ముత్తాత పేరూ, ఆయన పెదనాన్న కొడుకు పేరూ ఒకటే. నేను ఆ ఇద్దరినీ కలిపేశాను. ఇద్దరు భార్యలు కనిపించినా అనుమానం రాలేదు, ఆ కాలంలో ఉండేదే కదా అనుకున్నాను. అరవై మందికి పైగా తప్పు తాత కిందకు వెళ్లిపోయారు. నాలుగు నెలల తరవాత రాజాం వైపు ఒక ముసలమ్మగారి దగ్గర కూర్చుని చెట్టు చదువుతుంటే ఆవిడ ఆపి, "ఆ బాబుకి ఒక్కర్తే పెళ్లాం. ఆ రెండోవాడు చెరువు అవతలి ఇంటోడు" అన్నారు. విడదీయడానికి మూడు వారాలు పట్టింది.

ఇప్పుడు నాకు కావలసినవి నాలుగు: తండ్రి పేరు, తల్లి పేరు, భార్య కన్నవారి ఊరు, తోడబుట్టినవాళ్ల వరుస. వీటిలో కనీసం మూడు కలిస్తేనే కలుపుతాను. భార్య కన్నవారి ఊరు అన్నిటికంటే గట్టి గుర్తు. ఒకే పేరున్న అన్నదమ్ముల పిల్లలు ఒకే ఊరి నుంచి పిల్లను తెచ్చుకోవడం ఉండొచ్చు కానీ, అత్తవారి ఇంటిపేరు కూడా ఒకటే కావడం అరుదు. అనుమానం ఉంటే ఇద్దరినీ విడిగానే ఉంచి, "ఒకరే కావచ్చు, చూడాలి" అని నోట్సు రాయండి. విడిగా ఉన్న ఇద్దరిని కలపడం ఎప్పుడైనా ఒక్క నిమిషం పని.

మేనరికాల వల్ల ప్రోగ్రాము తప్పు అంటోంది. నిజంగా తప్పా?

కాదు. మేనమామ కూతురిని, అక్క కూతురిని చేసుకున్నచోట ఒకే పెద్ద రెండు దారుల్లో వస్తారు. కొన్ని ప్రోగ్రాములు దాన్ని చూసి హెచ్చరిక ఇస్తాయి. ఆ హెచ్చరిక పోగొట్టడానికి ఎవరైనా ఒక మనిషిని రెండుగా చేసి ఉంటే, మీరు మళ్లీ ఒకటి చేయాలి. అక్క కూతురిని చేసుకున్నాయన ఆమెకు మేనమామ, భర్త రెండూ అవుతారు. చెట్టులో ఆయన ఒక్కరే ఉండాలి.

మా ఊరు ఒకరి ఫైలులో గంజాం జిల్లా, ఇంకొకరి దాంట్లో శ్రీకాకుళం. ఏది సరైంది?

రెండూ సరైనవే కావచ్చు. ఇచ్ఛాపురం, టెక్కలి వైపు ఊళ్లు, శ్రీకాకుళం పట్నం కూడా 1936 ఏప్రిల్ దాకా గంజాం జిల్లాలోవి. ఒరిస్సా ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా వచ్చింది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది, అప్పుడే రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి మారింది. పార్వతీపురంలోనే ఉన్న మనిషి కుటుంబం కదలకుండా నాలుగు జిల్లాలు చూసింది: విశాఖపట్నం, శ్రీకాకుళం, విజయనగరం, మన్యం. ఇంగ్లిషు రికార్డుల్లో శ్రీకాకుళం "చికాకోల్" అని ఉంటుంది.

సంఘటన జరిగిన నాటి జిల్లా రాసి, నోట్సులో ఇప్పటిది రాయండి. ఊరి పేరు మాత్రం రెండు ఫైళ్లలో ఒకే అక్షరాలతో ఉండేలా చూడండి. మన దగ్గర "వలస" అని ముగిసే ఊళ్లు, కొత్తపేటలు, లక్ష్మీపురాలు ఎన్నో. మండలం రాయకపోతే రెండు వేరే ఊళ్లను ప్రోగ్రాము ఒకటి చేసేస్తుంది.

ఫైలు తెరిస్తే తెలుగు అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తున్నాయి.

అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్లో దాచే పద్ధతి యూటీఎఫ్-8. ఫైలు అందులో లేదు, లేదా తెరిచిన ప్రోగ్రాము అలా చదవలేదు. 1996 నాటి జెడ్‌కామ్ 5.5 రకంలో యూటీఎఫ్-8 లేదు. 5.5.1లో వచ్చింది. 7.0లో అదొక్కటే ఉంది. మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయమని అడగండి. పిచ్చి గుర్తులున్న ఫైలును సేవ్ చేస్తే అసలు అక్షరాలు శాశ్వతంగా పోవచ్చు. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన వంశవృక్షాలు యూనికోడ్‌లోకి మార్చాకే వాడాలి.

ఇంకో చిన్న సంగతి. తెలుగులో ఒక్కో గుర్తు మూడు బైట్లు తీసుకుంటుంది. పొడవైన నోట్సును పాత ప్రోగ్రాములు ముక్కలు చేసేటప్పుడు అక్షరం మధ్యలో కోసేస్తాయి. అందుకే పెద్ద నోట్సులో అక్కడక్కడ ఒక అక్షరం పాడై కనిపిస్తుంది. ఇంటిపేర్లు తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రెండూ పెట్టుకోండి, ఎందుకంటే ఇంగ్లిషులో ఒక ఇంటివాళ్లే మూడు రకాలుగా రాస్తారు.

తేదీలు కలవడం లేదు.

అమెరికా నుంచి వచ్చిన ఫైలులో 05/12 అంటే మే 12. మన దగ్గర డిసెంబరు 5. నెల పేరు అక్షరాల్లో ఉంటేనే నమ్మండి. బడిలో వేసిన పుట్టినరోజు, ఇంట్లో చెప్పే పుట్టినరోజు వేరుగా ఉండటం మామూలే, రెండూ ఉంచండి.

తెలుగు సంవత్సరాల దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. అరవై ఏళ్లకు పేరు తిరిగొస్తుంది. "విరోధి నామ సంవత్సరం మాఘమాసంలో పెళ్లి" అంటే 1890 మొదట్లో కావచ్చు, 1950 మొదట్లో కావచ్చు. తాతకూ మనవడికీ ఒకే పేరు, పెళ్లి ఏడాదీ ఒకే పేరు. ఈ రెండూ కలిసినచోటే చెట్లు తప్పుతాయి.

చెన్నైలో పెరిగిన మా బంధువు నోట్సును తప్పుగా అర్థం చేసుకున్నాడు.

వరస మాటల వల్ల ఇది జరుగుతుంది. మన వైపు "అప్ప" అంటే అక్క. తమిళం మధ్య పెరిగినవాళ్లకు అది నాన్న. "మా అప్ప పాలకొండలో" అన్న ఒక్క ముక్కతో ఒక ఆడమనిషి ఒకరి తండ్రి అయిపోయిన ఫైలు నా దగ్గరుంది. పంపేముందు నోట్సులో వరస మాట పక్కన పేరు కూడా రాయండి.

దక్షిణాఫ్రికా నుంచి ఒకరు మా ఊరివాళ్లమని రాశారు. నమ్మవచ్చా?

ప్రేమగా జవాబు రాయండి, చెట్టు మాత్రం తొందరపడి కలపకండి. 1860 నుంచి 1911 దాకా మద్రాసు ఓడల్లో నాటాల్‌కు ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లలో గంజాం, విశాఖపట్నం జిల్లాలవాళ్లు ఉన్నారు. ఓడ రిజిస్టర్లలో తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా రాశారు. గుమాస్తాలు చెవికి వినిపించినట్టు ఇంగ్లిషులో రాశారు కాబట్టి ఊరి పేరు గుర్తుపట్టడమే కష్టం. రంగూన్ వెళ్లి 1942లో నడిచి తిరిగొచ్చినవాళ్ల ఇళ్లలోనూ ఇలాంటి తెగిన కొమ్మలు ఉన్నాయి. ఆ రిజిస్టర్ పేజీ కాపీ అడగండి. అందులోని తండ్రి పేరుతో మీ ఊళ్లో పెద్దల్ని అడగండి. నూరేళ్ల కిందట "ఓడెక్కి పోయాడు" అన్న మాట ఇంకా మిగిలిన ఇళ్లున్నాయి. ఆ మాట, ఆ పేజీ రెండూ కలిసిన రోజున కలపండి.

ఆన్‌లైన్‌లో అందరిదీ ఒకే చెట్టు ఉండే సైట్లలో పెట్టవచ్చా?

ఫ్యామిలీసెర్చ్ లాంటి చోట పోయినవాళ్ల వివరాలు అందరూ చూస్తారు, ఎవరైనా మార్చవచ్చు. బతికున్నవాళ్లు మామూలుగా పెట్టినవారికే కనిపిస్తారు. అక్కడ పెట్టడం వల్ల తెలియని బంధువులు దొరుకుతారు, అది నిజం. కానీ మీ అసలు చెట్టు మీ కంప్యూటర్లోనే ఉండాలి.

కలిపాక ఫైలు ఇచ్చినవాళ్లకు తిరిగి ఏం ఇవ్వాలి?

వాళ్ల కొమ్మలో మీరు కనుక్కున్న కొత్త పేర్లు, సరిచేసిన తప్పులు, వాటి ఆధారాలు. కలిపిన ఫైలంతా కాదు, అందులో మీకు ఇంకెవరో నమ్మి ఇచ్చినవి కూడా ఉంటాయి. నేనైతే ఒక కాగితం మీద "మీ ఫైలులో ఈ ఏడుగురి దగ్గర ఈ మార్పులు" అని రాసి, అడంగల్ కాపీయో శిలాఫలకం ఫొటోనో జతచేసి పంపుతాను. ఫొటో తీసినవాళ్ల పేరు కింద రాస్తాను. వాళ్లు తమ చెట్టులో మార్చుకుంటారో లేదో వాళ్ల ఇష్టం. మారిస్తే నాకు ఒక ముక్క తెలియజేయమని అడుగుతాను, ఆ తేదీ నా నోట్సులో వేసుకుంటాను.